తీగ పీకినా వచ్చిన బదులు

మొన్న మా మేనల్లుడు అటక మీద ఏళ్ళుగా పడివున్న పాత టీవీని కిందికి దించి, దుమ్ము పైపైన దులిపి, ప్లగ్గు పెట్టాడు. బొమ్మ రాలేదు. కాసేపటికి లోపల ఏదో వేడెక్కి వాసన మొదలైంది. చాలాకాలం మూతపడివున్న యంత్రానికి కరెంటు తగిలినప్పుడు వచ్చే, ఆ మాడిన దుమ్ము వాసన. వంటింట్లో చింతపండు పిసుకుతున్నదాన్ని, తడిచేతులతోనే బయటికి వచ్చి "ఆపు, ఆపేయ్" అని అరిచాను. "ఏం కాదులే అత్తా, కాలిపోదు" అని వాడు నవ్వాడు. కాలిపోతుందని కాదు నా భయం. ఆ వాసన నన్ను ఉన్నపళాన ఎమ్మిగనూరు మిల్లుకు తీసుకుపోయి, అప్పుడే తాళం తీసిన ఒక గది గడప ముందు నిలబెట్టింది. అక్కడ నాకంటే ఒక అడుగు ముందు, తల మీద కొంగు సర్దుకుంటూ ఖుర్షీద్ మేడమ్ ఉంది. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమెను ఎరిగినవాళ్ళు ఆదోనిలో ఇప్పుడు ఎంతమంది మిగిలారో కూడా నాకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది హొళగుంద దగ్గర ఒక మెట్టపల్లె. ఇంట్లో సగం కన్నడ, సగం తెలుగు. ఆదోనిలో డిగ్రీ చదివి, టైపు నేర్చుకుని, ఆ తర్వాత కొత్తగా తెరిచిన కంప్యూటరు క్లాసులో చేరి, ఎనభైల చివరలో ఒక పత్తి మిల్లులో ఉద్యోగానికి కుదిరాను. ఆఫీసు ఆదోనిలో ఉంటే, పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు, గింజ నుంచి నూనె తీసే మిల్లు, దూదిని నొక్కి కట్టిన బేళ్ళు పేర్చే గోడౌన్లు అన్నీ ఎమ్మిగనూరు బయట ఒకే ఆవరణలో ఉండేవి. ఆ చుట్టుపక్కల కంప్యూటరును చూసినవాళ్ళే తక్కువైన రోజుల్లో మా యజమాని నాలుగు కంప్యూటర్లు కొని, నాలుగింటినీ తీగలతో కలిపించాడు. ఒకటి మా గదిలో, ఒకటి లారీలు తూచే కాటా దగ్గర, ఒకటి నూనె సెక్షనులో, ఒకటి గోడౌనులో. తీగలన్నీ మా గది గోడకు బిగించిన ఒక ఇనప పెట్టెలోకి వచ్చి చేరేవి. ఆ గదికి అధికారి ఖుర్షీద్ మేడమ్. నేను ఆమె కింద ఆపరేటరును.

మేడమ్ పొట్టి మనిషి. సన్నంచు నేత చీర, నల్లఫ్రేము కళ్ళద్దాలు, దవడన ఎప్పుడూ ఒక వక్కపలుకు. ఆదోని కోట వైపు పాత ఇంట్లో అన్న పిల్లలతో కలిసి ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. గట్టిగా మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. కానీ ఆమె అటుగా వస్తే కాటా దగ్గరి లారీ డ్రైవర్లు కూడా బీడీ పారేసేవాళ్ళు.

చేరిన మొదటిరోజు భోజనాలయ్యాక ఆమె నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, మిగతా మూడింటినీ ఒక్కొక్కటిగా పలకరించమంది. పలకరించడమంటే ఇక్కడి నుంచి ఒక మాట పంపడం. అవతల ఉన్న మనిషి తన మీట నొక్కి ఏదో ఒక మాట కొట్టి పంపితే అది మా తెర మీద పడుతుంది. కాటా దగ్గరి ముసలాయన "హాజర్" అని పంపాడు. నూనె సెక్షను నుంచి "ఓకే" అని వచ్చింది. గోడౌను గుమస్తా ఉరుకుందు తన పేరులోని మొదటి అక్షరాలు పంపాడు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే.

"అన్నీ పనిచేస్తున్నాయి మేడమ్" అన్నాను గర్వంగా.

ఆమె లేచి వెళ్ళి, ఇనప పెట్టెలోంచి కాటా తీగను పీకి చేతిలో పట్టుకుంది. "ఇప్పుడు కాటాను పిలువు" అంది.

పిలిచాను. ఏమీ రాలేదు.

"ఆఁ. ఇప్పుడు కాటా పనిచేస్తాంది" అంది. నాకు అర్థం కాలేదని మొహం చూసి గ్రహించినట్టుంది. "పనిచేస్తాండాది అని ఊరికే చెప్పొద్దు పాపా. తీస్తే ఆగుతాండాదా, ల్యాదా? తీసినా పలికితే, ఇంతసేపూ నీకు పలికింది అది కాదని అర్థం. యింకెవరో."

తీగను మళ్ళీ దూర్చి, తర్వాత నూనె సెక్షనుది, ఆ తర్వాత గోడౌనుది పీకి పిలిపించింది. ఒక్కోరోజు తీగ పీకకుండా, కీబోర్డు మీద ఆజ్ఞ కొట్టి మా కంప్యూటరు తలుపులే మూసేది. అప్పుడు మాకెవరూ వినిపించకూడదు, అవతలి మూడింటికీ ఒకదానికొకటి మాత్రం వినిపించాలి. ఆదివారం తప్ప రోజూ ఇదే తంతు. మూడు వైపుల మనుషులూ విసుక్కునేవాళ్ళు. నాకూ విసుగ్గానే ఉండేది. బాగా నడుస్తున్నదాన్ని కావాలని ఆపి, ఆగిందని సంతోషించడం ఏమిటని లోపల నవ్వుకునేదాన్ని కూడా.

మేమిద్దరం ఆదోని నుంచి ఒకే బస్సులో వెళ్ళి వచ్చేవాళ్ళం. ఒకరోజు పత్తి బోరాలు ఎత్తుగా కట్టిన లారీ ఒకటి దారికి అడ్డంగా ఒరిగిపోయి, బస్సు చాలాసేపు ఆగిపోయింది. నల్లరేగడి చేలమీది వేడిగాలి కిటికీలోంచి మొహానికి కొడుతోంది. ఊసుపోక అడిగాను, ఈ తీసి చూడడం ఎవరు నేర్పారని.

"ఎవరూ నేర్పలేదు" అందామె. మళ్ళీ తనే మొదలుపెట్టింది. డెబ్బైల్లో ఆమె ఆదోని ఆఫీసులో టెలిఫోను బోర్డు ముందు కూర్చునేదట. ఆదోని నుంచి మిల్లుకు ఒకే ఒక లైను.

"ఒగ మధ్యాన్నం పెద్దసారు నన్ను పిలిచినాడు. బాయిలరు వాల్వు సరిగ్గా ల్యాదు, ఈపొద్దు ముట్టీయొద్దని మిల్లుకు చెప్పు అన్యాడు. నేను చేసినా. ఎవరో ఎత్తినారు. 'బాయిలరు ముట్టీయొద్దంట' అన్యా. 'సరే' అన్యారు. మగగొంతు, మెత్తగా ఉండె. మళ్ళా చెప్పినా. మళ్ళా 'సరే' అనె. నేను పెట్టేసినా."

"తర్వాత?"

"బాయిలరు ముట్టించినారు. దాని దగ్గర మస్తాన్ అని ఒకాయప్ప ఉండె. రెండు చేతులూ మొహమూ కాలిపాయ. బతికినాడు. కానీ అన్నం కూడా ఇంగొకరు తినిపించాల్సి వచ్చె." ఆమె వక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుంది. "ఆ మధ్యాన్నం మిల్లులో ఫోను మోగనే ల్యాదంట పాపా."

బస్సులో ఎవరో చంటిపిల్లను సముదాయిస్తున్నారు.

"మరి సరే అన్నదెవరు?"

"ఎవరికి తెల్సు? హొళగుంద తట్టు పోయే తీగ మన తీగకు తగులుకోనుండాదని లైనుమను చెప్పినాడు. ఉండొచ్చు. కానీ ఆ తట్టు ఎత్తినదెవరో, నాకు ఎందుకు సరే అన్యాడో ఎవరూ చెప్పల్యా. మర్నాడు నేను మిల్లు తీగ పీకి చేతిలో పట్టుకోని, చెవికి పెట్టుకున్న దాంట్లో 'హలో' అన్యా." ఆమె కిటికీ వైపు తిరిగింది. "'సరే' అనె."

అంతటితో ఆపేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆ తర్వాత అడగకుండానే వీరేశప్ప సంగతి కూడా చెప్పింది. ఉరుకుందుకు ముందు గోడౌను గుమస్తా ఆయన. నేను చేరడానికి ముందటి ఎండాకాలం, ఒకరోజు, పాత గోడౌను పక్కనున్న చిన్న గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. అప్పట్లో యంత్రాలు మనిషి అక్కర లేకుండా తమంతట తాము బదులిచ్చేవట. మా గదినుంచి పిలిచినప్పుడల్లా గోడౌను పలికింది. సాయంత్రం దాకా పలికింది. పలుకుతోంది కదా అని ఎవరూ అటు వెళ్ళలేదు. "డాక్టరు చూసి, పొద్దున్నే పోయినాడు అన్యాడు. నేను ఆపొద్దంతా ఆయప్పతో మాట్లాడతాండానని అనుకుంటి" అంది మేడమ్. ఆ తర్వాతే ఆమె పట్టుబట్టి, మనిషి మీట నొక్కితే తప్ప బదులు రాకుండా వాడకంలో ఉన్న యంత్రాలన్నిటినీ మార్పించింది. ఆ గదిలోకి అడుగుపెట్టడానికి మిల్లులో ఎవరూ ఒప్పుకోకపోవడంతో దానికి తాళం వేసి, ఆవరణ చివర కొత్త షెడ్డు కట్టి గోడౌనును అక్కడికి మార్చారు. కొత్త కంప్యూటరు తెచ్చి, దానికీ గోడౌను పేరే పెట్టారు.

అప్పటినుంచి నాకు విసుగు పోయింది. దాని బదులు మరొకటి పట్టుకుంది. రోజూ తీగ పీకి పిలిచే ఆ క్షణంలో, తెర మీద ఖాళీగా మినుకుమినుకుమంటున్న గీతను చూస్తూ, ఏదీ రాకూడదని గుండె చిక్కబట్టుకునేదాన్ని. ఏదీ వచ్చేది కాదు. అమ్మయ్య అనుకునేదాన్ని.

ఆ ఏడు ఎండలు ముందుగానే ముదిరాయి. ఆరోజు పొద్దున పాత గోడౌనును గింజల నిల్వకు మళ్ళీ వాడుకుందామని ఎలక్ట్రీషియను వచ్చి ఆ వైపు కరెంటు పని చేసుకుంటున్నాడు. పత్తి మిషన్లు ఎడతెగకుండా తిరుగుతున్నాయి. మధ్యాహ్నం భోజనాలకు వాటిని ఆపగానే ఆవరణంతా ఒక్కసారిగా చెవులు మూసినట్టయింది. గాలిలో తేలే దూదిపింజలు కూడా నిలబడిపోయినట్టు కనిపించాయి. మేడమ్ సజ్జరొట్టె తిని చేయి కడుక్కుని వచ్చి, "పిలువు పాపా" అంది.

కాటా హాజరు. నూనె సెక్షను ఓకే. గోడౌనును పిలిచాను. ఎప్పుడూ కాస్త ఆలస్యంగా బదులిచ్చేవాడు ఉరుకుందు. ఆరోజు నేను మీట మీదినుంచి వేలు తీసేలోపే బదులు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాట.

"ఉండాను."

నాకు నవ్వొచ్చింది. "ఈరోజు ఉరుకుందు తెలుగులో పలికినాడు మేడమ్" అన్నాను.

ఆమె నా వెనకగా వచ్చి తెర వైపు వంగింది. ఆమె చేయి నా కుర్చీ వీపు మీద ఉంది. ఆ చేయి బిగుసుకోవడం నాకు తెలిసింది. ఇనప పెట్టె దగ్గరికి వెళ్ళి గోడౌను తీగను పీకి, గుప్పిట్లో పట్టుకుని, "పిలువు" అంది.

పిలిచాను.

"ఉండాను."

ఇంకోసారి పిలవమంది. ఇంకోసారి వచ్చింది. తీగ ఆమె చేతిలో వేలాడుతోంది. గుమ్మం దగ్గర టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన హుస్సేనమ్మ మా మొహాలు చూసి, ఏమైందని అడిగింది. నేను ఆ మాట చదివి చెప్పాను.

"అది వీరేశప్ప మాట గదా మేడమ్మా! ఫోన్‌లో కూడా అట్లే అంటాండె. 'ఉండాను, చెప్పు' అని..." హుస్సేనమ్మ గ్లాసులు అక్కడే పెట్టి బయటికి పరుగెత్తింది. రెండు నిమిషాల్లో కాటా దగ్గరినుంచి నూనె సెక్షను దాకా పాకిపోయింది, వీరేశప్ప పలుకుతున్నాడని. బయట చెట్టు కింద రొట్టె తింటున్న కూలీలు మూటలు కట్టుకుని గేటు వైపు జరగడం కిటికీలోంచి కనిపించింది.

"మేడమ్, అది నిజంగా..." అన్నాను.

ఆమె మొహంలో భయం లేదని చెప్పను. పెదవులు తెల్లబడి ఉన్నాయి. కానీ ఆమె కళ్ళు తెర మీద లేవు. కిటికీలోంచి, ఆవరణ చివరి షెడ్డు వైపు చూస్తున్నాయి.

"పలికినది ఎవరన్నా కానీ" అంది, "ఉరుకుందు అయితే కాదు. మరి ఉరుకుందు ఎందుకు పలకల్యా?"

అలా అంటూనే నడక మొదలుపెట్టింది. నేను వెనకాల పరుగెత్తాను. నేల కాలిపోతోంది, నా చెప్పులు గదిలోనే ఉండిపోయాయి. పాత గోడౌను పక్కగా వెళ్ళేటప్పుడు తాళం వేసిన ఆ గది కిటికీ రెక్కల సందులో ఏదో వెలుగు కనిపించినట్టు అనిపించింది. తల తిప్పకుండా దాటేశాను. మేడమ్ కూడా అటు చూడలేదు.

కొత్త షెడ్డులో చీకటిగా ఉంది. ఎండలోంచి వెళ్ళడం వల్ల మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత కనిపించింది, బల్ల ఉండాల్సిన చోట బేళ్ళు అడ్డదిడ్డంగా పడివున్నాయి. కంప్యూటరు నేల మీద బోర్లా ఉంది. గోడ వెంట వచ్చే తీగ తెగి వేలాడుతోంది. "ఉరుకుందూ!" అని మేడమ్ పిలిచింది. మూలుగు వినిపించింది. రెండు బేళ్ళ మధ్య అతని కాలు ఇరుక్కుపోయి ఉంది, ఇంకో బేలు ఛాతీకి ఆనుకుని ఒరిగివుంది. మొహమంతా దూదిపొట్టు. పెదవులు నల్లబడ్డాయి.

మేడమ్ గుమ్మం దగ్గరికి వచ్చి, నేను ఎప్పుడూ వినని గొంతుతో గేటు వైపు కేకేసింది. "దయ్యం ల్యాదు ఏం ల్యాదు! మనిషి సస్తాండాడు, రాండి! గడ్డపారలు తీసుకోని రాండప్పా!" కూలీలు ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత ఒకడు కదిలాడు, వాడి వెనక మిగతావాళ్ళు. బేళ్ళను గడ్డపారలతో ఎత్తిపట్టి ఉరుకుందును లాగారు. లారీలో వేసి ఆసుపత్రికి తీసుకుపోతుంటే అతను మేడమ్ చేయి పట్టుకుని, మాట్లాడలేక మాట్లాడాడు.

"శానాసేపు అరిసినా మేడమ్. మిషన్లు తిరుగుతాంటే ఎవరికీ వినపల్యా. మీరు పిలిసే టైముకు నేను పలక్కపోతే మీరే వస్తారని... దానికోసరమే కాసుకోనుంటి."

లారీ గేటు దాటాక మేడమ్ అక్కడే ఒక బేలు మీద కూర్చుంది.

ఉరుకుందు బతికాడు. కాలు కాస్త ఈడ్చి నడిచేవాడు గాని, మిల్లులోనే పనిచేశాడు. కానీ ఆ మధ్యాహ్నం అక్కడితో అయిపోలేదు. మేడమ్ మేనేజరు దగ్గర తాళంచెవి తీసుకుని పాత గది వైపు బయల్దేరింది. అప్పుడే వీరేశప్ప భార్య గౌరమ్మ వచ్చింది. ఆమె మా మిల్లులోనే పత్తి ఏరే పని చేసేది. తల మీద, కనుబొమ్మల మీద దూది అంటుకుని ఉంది. పరుగెత్తుకుని రాలేదు. మెల్లగా వచ్చి మేడమ్ ఎదురుగా నిలబడింది.

"ఆయప్ప పలికినాడంట గదా మేడమ్మా" అంది. "నా గురించి ఏమన్నా అడిగినాడా?"

మేడమ్ ఏదైనా సర్దిచెప్పి పంపేస్తుందనుకున్నాను. ఆమె గౌరమ్మ చేయి పట్టుకుని, "నువ్వూ రా" అంది.

తాళం తుప్పుపట్టి ఉంది. చాలాసేపటికి గాని తిరగలేదు. తలుపు తీయగానే ఆ వాసన వచ్చింది, మొన్న మా ఇంట్లో వచ్చిన వాసనే. గదిలో సాలెగూళ్ళు దూదిపొట్టు పట్టి ఉయ్యాలల్లా వేలాడుతున్నాయి. బల్ల మీద కంప్యూటరు తెర వెలుగుతోంది. ఆ వెలుగు ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ మీద పడుతోంది. కుర్చీ వీపున ఒక తువ్వాలు. చనిపోయిన రోజున ఎవరూ దాన్ని తీయలేదన్నమాట. తెర మీద మేము పంపిన పిలుపులు వరుసగా ఉన్నాయి. ప్రతి పిలుపు కిందా "ఉండాను" అని ఉంది.

మేడమ్ గౌరమ్మను కుర్చీ దగ్గరికి తీసుకువెళ్ళి, మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. కరెంటు మాటిమాటికి పోతుంది కాబట్టి, మళ్ళీ వచ్చినప్పుడు యంత్రం దానంతట అది లేచి బదులిచ్చేట్టు వీరేశప్పే అమర్చుకున్నాడని, యంత్రాలను మార్చినప్పుడు ఈ గదిని ఎవరూ ముట్టుకోలేదని, దీని తీగ మా ఇనప పెట్టెలో అలాగే ఉండిపోయిందని. కొత్త గోడౌనుకూ ఇదే పేరు. అక్కడి తీగ తెగింది, ఇది పలికింది. "ఇది ఆయన పెట్టిపోయిన మాటమ్మా. ఆయన గాదు."

గౌరమ్మ విన్నది. ఎంత అర్థమైందో తెలియదు. "యాడ రాసినాడు? చూపీ" అంది. మేడమ్ వేలుపెట్టి చూపించింది. చదువు రాని గౌరమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కదాన్నీ తడుముతూ పోయింది. తెర మీది దుమ్ములో ఆమె వేలి గీత పడింది. ఆ తర్వాత తువ్వాలు తీసుకుని, దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది.

"ఆపాలంటే యాడ నొక్కాల మేడమ్మా?"

మేడమ్ స్విచ్చు చూపించింది. గౌరమ్మే ఆపింది. తెర మీది వెలుగు చిన్న చుక్కై, కాసేపు అలాగే నిలిచి, పోయింది.

ఆ సాయంత్రం ఎలక్ట్రీషియనును మేనేజరు నిలదీశాడు. అతను తల మీద చేయి పెట్టుకుని ప్రమాణం చేశాడు. "గోడౌనుకు ఇచ్చినా సార్. ఆ గదికి నేను ఇయ్యల్యా. తాళం ఉండాది గదా, యట్ల ఇస్తును?" మేనేజరు నమ్మలేదు. బస్సులో నేను మేడమ్‌ను అడిగాను, ఆ మనిషి అబద్ధమాడుతున్నాడా అని. రెండు లైన్లూ ఒక చోట కలిసే ఉండవచ్చని, అతను చూసుకుని ఉండకపోవచ్చని ఆమె అంది. నేను ఊరట పడబోతుంటే, మళ్ళీ నోరు తెరిచింది. "అట్ల ఉండొచ్చు అంటాండా. అట్లే అయిందని చెప్తల్యా. నాకు తెలీదు పాపా." తెలియని చోట ఆగి, తెలియదని చెప్పగలిగిన పెద్దవాళ్ళను అంతకుముందు నేను చూడలేదు. మర్నాడు భోజనాలయ్యాక ఆమె ఎప్పటిలాగే వచ్చి, వక్క దవడన పెట్టుకుని, "పిలువు" అంది. ఆ రోజునుంచి ఎవరూ విసుక్కోలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నేను పెళ్ళై కర్నూలు వచ్చేశాను. మేడమ్ రిటైరై ఆదోనిలోనే ఉంది. అప్పుడప్పుడూ ఫోను చేసేదాన్ని. చివరిసారి చేసినప్పుడు ఆమె అన్న కొడుకు ఎత్తి, "అత్తమ్మ బాగుందక్కా, తిని పండుకుంది" అన్నాడు. మంచి పిల్లవాడు, అబద్ధం చెప్పేవాడు కాదు. నేను సరే అని పెట్టేశాను. పెట్టేసి, ఫోను దగ్గరే కాసేపు నిలబడ్డాను. ఆ తర్వాత మా ఆయనకు చీటీ రాసిపెట్టి ఆదోని బస్సు ఎక్కాను.

ఆమె పడుకుని లేదు. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకోకుండా, మంచం మీద కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయింది. దవడన వక్క లేదు. కుర్రవాడు తొంగిచూసినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టే కనిపించేదట.

"వాడు చెప్పల్యా ఫోన్‌లో, బాగుండానని?" అంది.

"చెప్పినాడు మేడమ్."

"మరి యెందుకు వస్తివి?"

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత కాళ్ళు కొంచెం దగ్గరికి తీసుకుని, మంచం మీద నాకు చోటిచ్చింది. పొద్దు గూకేదాకా అక్కడే కూర్చున్నాను. మధ్యలో ఒకసారి నా చేయి పట్టుకుని, తీగ తీసి చూసినట్టు ఒక్క క్షణం వదిలేసి, మళ్ళీ పట్టుకుంది. ఆ వారం దాటకుండానే ఆమె పోయింది.

నాకిప్పుడు అరవై దగ్గరికొచ్చాయి. మా పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిసి ఫోను చేస్తే, వాళ్ళు బాగానే ఉన్నామంటారు. నేను సరేనంటాను. ఆ తర్వాత చెప్పులు వేసుకుని, ఎండా వానా చూడకుండా, వాళ్ళ గుమ్మం దాకా వెళ్తాను. చాలాసార్లు వాళ్ళు నిజంగానే బాగుంటారు. మజ్జిగ తాగి వచ్చేస్తాను.